పద్దెనిమిది నిండిన తెల్లారి

పల్లెల్లో కొత్త మొఖం కనబడితే పెద్దవాళ్లు అడిగే మొదటి మాట “ఎవలి బిడ్డవు?” నల్లగొండ బస్టాండులో పక్కన కూర్చున్న అవ్వ అదే అడుగుతుంది. మహబూబ్‌నగర్‌లో గది కిరాయికిచ్చే ఇంటామె, పనిలో పెట్టుకునే బట్టల షాపు సేటు కూడా అదే అడుగుతారు. ఆ అడగడంలో చెడు లేదు. ఊరు, ఇంటిపేరు, మేనమామ ఎవరన్నది తెలిస్తేనే మన దగ్గర మనిషి మీద నమ్మకం కుదురుతుంది. కానీ ఆరేళ్లప్పుడు బాలల సంరక్షణ కేంద్రానికి వచ్చి, పద్దెనిమిది నిండగానే గేటు దాటిన అమ్మాయికి ఆ ప్రశ్న దగ్గరే నోరు పెగలదు. హోంలో పెరిగానని నిజం చెబితే ఇంటామె “మా ఆయనను అడిగి చెప్త” అంటుంది. ఏదో ఒక ఊరి పేరు చెబితే, “అక్కడ ఫలానా వాళ్లు తెలుసా” అనే రెండో ప్రశ్న కాచుకుని ఉంటుంది.

ఈ పిల్లలను ‘అనాథలు’ అనేయడం అలవాటైపోయింది. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల సంగతి తెలిసినవాళ్లు ఆ మాట వాడటానికి కొంచెం వెనకాడాలి. హోంలలో ఉన్నవాళ్లలో తల్లో తండ్రో అవ్వో బతికే ఉన్నవాళ్లు చాలామంది. పాలమూరు లేబర్ దేశంలో ఎన్ని ఆనకట్టలు కట్టిందో అందరికీ తెలిసిందే. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మొగుడూ పెండ్లాం ముంబైకో పుణెకో పోతే, పిల్లలు అవ్వ దగ్గర మిగులుతారు. అవ్వ మంచాన పడితే పిల్లల దారి హోం వైపు తిరుగుతుంది. నడిగడ్డలో, అంటే కృష్ణా తుంగభద్రల మధ్య గద్వాల ప్రాంతంలో, సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్‌కు, అంటే విత్తనం కోసం పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దే పనికి, చిన్న చేతులే కావాలన్న నమ్మకం ఏళ్ల తరబడి ఎందరినో బడి మాన్పించింది. దేవరకొండ, చందంపేట వైపు తండాల ఆడశిశువుల అమ్మకాలు 1999లో, మళ్లీ 2001లో రాష్ట్రాన్ని కుదిపేశాయి. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు ఇటుక బట్టీల నుంచి, హోటళ్ల నుంచి తెచ్చే పిల్లలు ఉంటారు. ఒక్కొక్కరిది ఒక్కో దారి. కానీ బయటికి పోయే దారి మాత్రం అందరికీ ఒకటే, పద్దెనిమిదో పుట్టినరోజు.

ఆ పుట్టినరోజు కూడా చాలామందికి ఎవరో రాసిపెట్టిందే. బడి రికార్డు గానీ, పుట్టిన సర్టిఫికెట్ గానీ లేనప్పుడు ఎముకల పరీక్ష చేసి డాక్టర్లు వయసు అంచనా వేస్తారు. అంచనా అంటే ఏడాది అటూ ఇటూ. ఆ అంచనా మీద రాసుకున్న తేదీయే ఆ తర్వాత గోడలా నిలబడుతుంది. అది నవంబరులో పడితే, ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు ఇంకా నాలుగు నెలలు ఉండగానే పద్దెనిమిది నిండుతుంది. పరీక్షలయ్యేదాకా ఉంచుకునే సూపరింటెండెంట్లు లేకపోలేదు. అది వాళ్ల మంచితనం. మంచితనం బదిలీ అయితే వెళ్లిపోతుంది.

చట్టంలో ఏముందో చూద్దాం. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో వచ్చింది, 2016 జనవరి 15 నుంచి అమలులో ఉంది. పద్దెనిమిది నిండి సంస్థను వదిలే బిడ్డకు సమాజంలో కలిసిపోవడానికి ఆర్థిక సాయం అందించవచ్చని అందులోని 46వ సెక్షన్ చెబుతోంది. ‘అందించవచ్చు’ అన్న ఆ చిన్న మాటలోనే అసలు చిక్కు ఉంది. తప్పక అందించాలి అని ఉంటే అడిగే హక్కు వచ్చేది. 2016 నమూనా నియమాలు దీన్ని ఇంకొంచెం విప్పాయి. అనంతర సంరక్షణ, అందరూ పిలిచే పేరు ఆఫ్టర్ కేర్, 21 ఏళ్ల వరకు ఇవ్వొచ్చు. ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు పొడిగించొచ్చు. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే ఇల్లు, వృత్తి శిక్షణ కాలంలో స్టైపెండ్, పై చదువుకు సాయం, మాట్లాడటానికి ఒక కౌన్సెలర్, సొంత పని మొదలుపెట్టేవాళ్లకు రుణం, ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. పిల్లల సంరక్షణ కోసం కేంద్రం తెచ్చిన మిషన్ వాత్సల్య పథకం కింద ఆఫ్టర్ కేర్‌లో ఉన్న ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయలు. బిడ్డ బయటికి పోవడానికి రెండు నెలల ముందే, ఆ తర్వాత ఎక్కడ ఉంటుంది, ఏం చేస్తుంది అన్న ప్రణాళిక తయారు చేసి, ఈ పిల్లల విషయంలో నిర్ణయాలు తీసుకునే బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలని కూడా నియమం ఉంది.

రెండు నెలలు. కూతురిని అత్తారింటికి పంపాలంటే రెండేళ్ల ముందు నుంచి ఆలోచించే సమాజం మనది. పొయ్యి దగ్గర నిలబెడతాం, చీటీ కట్టడం నేర్పుతాం, ఎవరితో ఎట్లా మాట్లాడాలో చెబుతాం, అయినా మొదటి పండుగకు పుట్టింటికి పిలిపించుకుంటాం. హోంలో పెరిగిన పిల్లలకు ఇదంతా అరవై రోజుల్లో, ఒక ఫారంలో అయిపోవాలని ఆశిస్తున్నాం. పద్నాలుగో ఏటో పదిహేనో ఏటో మొదలుకావాల్సిన పని ఇది. ఆ పనిలో ఆ పిల్లల మాటే ముందుండాలి. ఈ రెండూ జరగని చోట 4,000 రూపాయలు ఇచ్చినా అవి కిరాయికీ గ్యాసుకూ సరిపోయి ఆగిపోతాయి.

కాగితాల దగ్గర ఈ సంగతి బాగా కనబడుతుంది. హోంలో పెరిగిన అబ్బాయి ఆధార్ కార్డు మీద హోం చిరునామానే ఉంటుంది. దానికి జోడించిన ఫోన్ నంబరు ఎవరిదో సిబ్బందిది. బయటికి వచ్చాక బ్యాంకులోనో మీసేవలోనో వేలు పెట్టి నిలబడితే, ఓటీపీ ఎక్కడో వార్డెన్ సార్ ఫోనుకు పోతుంది. సార్ అప్పటికే వేరే జిల్లాకు బదిలీ. మైనరుగా ఉన్నప్పుడు తెరిచిన బ్యాంకు ఖాతాకు పద్దెనిమిది నిండగానే కొత్త సంతకం, కొత్త కేవైసీ కావాలి. అవి ఇచ్చేదాకా అందులో దాచిన డబ్బులు కళ్లముందున్నా చేతికి రావు. మొదటి జీతం వేసుకోవడానికి ఖాతా లేక, తోటి పనివాడి ఖాతాలో వేయించుకోవాల్సి వస్తుంది. దోస్తు మంచివాడైతే సరే.

రేషన్ కార్డు కుటుంబం మీద నడిచే వ్యవస్థ. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది, మనిషికి ఆరు కిలోలు. ఆ మనిషి ఏదో ఒక కార్డులో పేరుగా ఉండాలి కదా. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఆదాయ సర్టిఫికెట్, కుల సర్టిఫికెట్ కావాలి. దరఖాస్తులో తండ్రి పేరు గడి ఉంటుంది, సొంత ఊరి తహసీల్దారు ఆఫీసులో విచారణ ఉంటుంది. ఇక్కడ ఇంకో మెలిక. 2016 అక్టోబర్ 11న పాత జిల్లాలు ముక్కలయ్యాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. అంతకుముందు మక్తల్ వైపు పల్లె నుంచి వచ్చి మహబూబ్‌నగర్ హోంలో చేరిన బిడ్డ ఊరు ఇప్పుడు వేరే జిల్లాలో ఉంది. ఫైలు ఒక కలెక్టరేట్‌లో, ఊరు ఇంకో కలెక్టరేట్‌లో. పద్దెనిమిదేళ్ల పిల్ల రెండింటి మధ్య బస్సులెక్కి తిరగాలి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడం ఇట్లాంటి పిల్లకు ఎంత మేలు చేసిందో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకే తెలుస్తుంది. మగపిల్లలకు ఆ ఆసరా కూడా లేదు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను కోల్పోయి, చూసుకునే దిక్కు ఎవరూ లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆశ్రమాల్లో, బడుల్లో చేరిన పిల్లలను మన రాష్ట్రంలో బీసీ-ఎ గ్రూపులో లెక్కిస్తారు. ఉమ్మడి రాష్ట్రం నుంచే వస్తున్న ఏర్పాటు ఇది. కులం తెలియని పిల్లలకు ఇదొక పెద్ద తలుపు. కానీ ఆ సర్టిఫికెట్ బిడ్డ ఏడో తరగతిలో ఉన్నప్పుడే, రికార్డులు తెలిసిన సిబ్బంది ఉన్నప్పుడే తీసి ఫైలులో పెట్టాలి. పద్దెనిమిది నిండాక ఒంటరిగా వెళ్లి, తల్లిదండ్రులు చనిపోయినప్పుడు తనకు పదేళ్లు నిండలేదని నిరూపించుకోవడం ఏ పిల్ల వల్లా కాదు. పైగా తల్లి బతికి ఉండీ ఆచూకీ లేని బిడ్డ ఈ తలుపు దగ్గర కూడా ఆగిపోతుంది. వలస జిల్లాల్లో అట్లాంటి పిల్లలే ఎక్కువ.

ఇక వంటగది. వినడానికి చిన్న సంగతే. చాలా హోంలలో ప్రమాదం జరుగుతుందన్న భయంతో పిల్లలను పొయ్యి దగ్గరికి రానివ్వరు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ నలభై మందికి ఒకేసారి వండే గుండిగలోంచి పన్నెండేళ్లు తిన్న అమ్మాయికి, ఒక్క మనిషికి ఎన్ని బియ్యం పొయ్యాలో తెలియదు. సోలెడా, రెండు గిద్దెలా? మొదటి వారం గిన్నె నిండా అన్నం మిగిలిపోతుంది. అది పారబోయడానికి మనసొప్పక మూడు పూటలు అదే తింటుంది. కూరగాయల దుకాణంలో పావుకిలో టమాటలకు ఎంత అని అడగాలో, బేరమాడితే తిడతారో లేదో తెలియదు. జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి పోవాలా, జిల్లా ఆసుపత్రికి పోవాలా? హోంలో ఇన్నేళ్లూ జ్వరం వస్తే ఎవరో ఒకరు తీసుకెళ్లేవారు. ఎవరూ నేర్పకపోయినా ఇంట్లో పిల్లలు చూసి నేర్చుకునేవి ఇవి. హోంలో ఎవరో ఒకరు పనిగట్టుకుని నేర్పితేనే వస్తాయి. పదో తరగతి దాటిన పిల్లలకు వారానికో రోజు ఒక చిన్న గ్యాస్ పొయ్యి, ఇద్దరికి సరిపడా బియ్యం, చేతిలో రెండొందల రూపాయలు ఇచ్చి “ఈ పూట మీరే చూసుకోండి” అనడానికి ఏ జీవో అక్కర్లేదు.

పిల్లల మాట వినడం గురించి చట్టం ఆశ్చర్యపడేంత స్పష్టంగా ఉంది. తనకు సంబంధించిన ప్రతి నిర్ణయంలోనూ బిడ్డ పాల్గొనాలి, బిడ్డ అభిప్రాయానికి వయసును బట్టి విలువ ఇవ్వాలి అన్నది 3వ సెక్షన్‌లోని మూలసూత్రాల్లో ఒకటి. 1992లో భారతదేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం చెప్పేదీ అదే. ఆరేళ్లు దాటిన పిల్లలున్న ప్రతి సంస్థలో బాలల కమిటీలు ఉండాలి. ఆరు నుంచి పదేళ్లకు ఒకటి, పదకొండు నుంచి పదిహేనుకు ఒకటి, పదహారు నుంచి పద్దెనిమిదికి ఒకటి. వాటిలో సభ్యులంతా పిల్లలే. గోడకు ఒక సలహాల పెట్టె ఉండాలి, దాని తాళంచెవి హోం సిబ్బంది దగ్గర ఉండకూడదు, వారానికోసారి బాలల కమిటీ ముందే తెరవాలి.

బయటివాళ్లు హోంకు వచ్చినప్పుడు పిల్లల భాగస్వామ్యం అంటే ఏమిటో చూస్తే మనసు చివుక్కుమంటుంది. నవంబరు 14న వరుసగా కూర్చోబెడతారు. స్వాగత గీతం పాడిస్తారు. పుట్టినరోజు జరుపుకునే దాత బిస్కెట్ పాకెట్లు పంచుతుంటే ఫొటోలు దిగాలి. పదహారేళ్ల అబ్బాయికి తన మొఖం ఎవరి వాట్సాప్ స్టేటస్‌లో తిరుగుతుందో తెలుసు, బడిలో తోటివాళ్లు చూస్తారనీ తెలుసు. నిజానికి ఈ పిల్లలెవరో గుర్తుపట్టేలా ఫొటో గానీ పేరు గానీ బయటపెట్టడం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ‘ఫొటో వద్దు’ అనే మాట ఆ అబ్బాయి నోటి నుంచి వచ్చి, దాన్ని పెద్దవాళ్లు పాటిస్తే, భాగస్వామ్యం అక్కడ మొదలైనట్టు.

కమిటీ సమావేశం సరిగ్గా నడిస్తే పిల్లలు అడిగేవి పెద్ద కోరికలేం కావు. బాత్‌రూం తలుపు గడియ ఊడిపోయింది, బిగించండి. గుడ్డు బుధవారం కాకుండా పరీక్షల రోజు పెట్టండి. తమ్ముడిని వేరే హోంకు పంపారు, నెలకోసారి చూపించండి. ఈ మూడో మాట వచ్చినప్పుడు గదిలో అందరూ తల దించుకుంటారు. ఎందుకంటే పదేళ్లు దాటిన మగపిల్లలను ఒక చోట, ఆడపిల్లలను ఇంకో చోట ఉంచే పద్ధతిలో అక్కాతమ్ముళ్లు విడిపోయిన సంగతి పెద్దవాళ్లకు ఫైలులో ఒక లైను మాత్రమే. అడిగినదానికి జవాబు రావాలి. అయితే అయిందని, కాకపోతే ఎందుకు కాలేదని. గడియ సంగతి మూడు నెలలు వరుసగా రాసినా జవాబు రాకపోతే, నాలుగో నెల పిల్లలు “సమస్యలేం లేవు మేడమ్” అని సంతకం పెడతారు. మన రికార్డుల్లో ఆ వాక్యం ఎక్కడ కనబడినా అనుమానించాలి.

అంతకంటే ముఖ్యమైన కాగితం వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక. ప్రతి బిడ్డకూ ఒకటి ఉండాలి. సంరక్షణ నుంచి బిడ్డ ఏం ఆశిస్తోంది అన్న గడి కూడా అందులో ఉంది. అక్కడ ‘బాగా చదువుకోవాలి’ అని రాసి ఉంటే అది బిడ్డ మాట కాదని ఇట్టే తెలిసిపోతుంది. ఏ బిడ్డా అట్లా ఆశించదు. “నాకు మా అవ్వ సమాధి ఎక్కడుందో చూడాలని ఉంది”, “నర్సు చేయను, బ్యూటీ పార్లర్ నేర్చుకుంటా”, “మా నాయన తాగి కొట్టేటోడు, ఆయన దగ్గరికి పంపొద్దు”, పిల్లల మాటలు ఇట్లా ఉంటాయి. చివరి మాట వినకపోతే ప్రాణాల మీదికొస్తుంది. పద్దెనిమిది నిండగానే ‘కుటుంబానికి అప్పగించాం’ అని ఫైలు మూసేసే అలవాటు ఉన్నచోట, ఆ కుటుంబం ఎట్లాంటిదో చెప్పగలిగే మనిషి ఆ బిడ్డ ఒక్కతే. సమితి ముందు కేస్ వర్కరు మాట్లాడుతుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడాల్సిన మనిషి కాదు. కుర్చీ వేసి, కేస్ వర్కరూ హోం సిబ్బందీ బయటికి వెళ్లాక, తీరిగ్గా అడగాల్సిన మనిషి.

వృత్తి ఎంపికలోనూ ఇదే కథ. హోంలో ఆడపిల్లలంటే కుట్టుమిషను, లేదంటే నర్సింగ్. మగపిల్లలంటే ఐటీఐ ఎలక్ట్రీషియన్. ఎవరినీ తక్కువ చేయడం లేదు, అవి అన్నం పెట్టే పనులే. కానీ ఆ అమ్మాయికి పాలమూరు యూనివర్సిటీలోనో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో డిగ్రీ, పీజీ చేయాలని ఉందేమో. పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ ఊరి యువతకు అక్కడే ఉంచి శిక్షణ ఇస్తుంది, అక్కడికొకసారి తీసుకెళ్లి చూపిస్తే ఏది నచ్చుతుందో తనకే తెలుస్తుంది. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో, చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో కొలువులు ఉన్నాయి. ఇంటర్ చదివేటప్పుడే ఒక రోజు ఆ గేటు లోపల ఎట్లా ఉంటుందో చూసొచ్చిన పిల్లవాడికి మొదటి ఉద్యోగం మొదటి వారంలో ఊడిపోదు.

వయసు గీత ఎక్కడ గీయాలన్నది కూడా మనం తేల్చుకోవాలి. కోవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం 2021లో వచ్చిన పీఎం కేర్స్ పథకం పద్దెనిమిది నుంచి 23 ఏళ్ల వరకు నెలనెలా స్టైపెండ్, 23 నిండాక 10 లక్షల రూపాయలు ఇస్తుంది. మంచి పథకం. కానీ 2019లో రోడ్డు ప్రమాదంలో తల్లిదండ్రులు పోయిన బిడ్డ అదే తరగతిలో అదే బెంచీ మీద కూర్చుంటోంది. హిమాచల్ ప్రదేశ్ 2023లో చట్టం చేసి ఇట్లాంటి పిల్లలను ‘రాష్ట్ర బిడ్డలు’ అన్నది, 27 ఏళ్ల వరకు బాధ్యత తీసుకున్నది. ఇంగ్లండ్‌లో 2017 చట్టం తర్వాత సంరక్షణలో పెరిగిన యువతకు 25 ఏళ్లు వచ్చేదాకా ఒక సలహాదారు ఉంటారు. గది చూసుకునేటప్పుడు, కాలేజీ మారేటప్పుడు ఫోన్ చేయడానికి పేరూ నంబరూ ఉన్న మనిషి. మన జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో ఎక్కువమంది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లే. ఇప్పుడున్న కేసులే మోయలేక సతమతమవుతున్నవాళ్ల మీద గేటు దాటిన పిల్లల బాధ్యత కూడా వేస్తే అది పేరుకే ఉంటుంది. దీనికోసమే ఒక మనిషి, ఒక ఫోను, ఒక రిజిస్టరు కావాలి. గత ఐదేళ్లలో వెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, తిన్నారా, పెళ్లయిందా, ఎవరైనా మోసం చేశారా అని మూడు నెలలకోసారి పలకరించే మనిషి.

ఆ మనిషి ఎవరో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఇవే హోంలలో పెరిగి ఇప్పుడు స్టాఫ్ నర్సులుగా, డ్రైవర్లుగా, అంగన్‌వాడీ టీచర్లుగా బతుకుతున్నవాళ్లు ఈ జిల్లాల్లోనే ఉన్నారు. కేవైసీ అంటే ఏమిటో, ఇంటామెకు ఏం చెబితే గది దొరికిందో, మొదటి రాత్రి ఒంటరిగా పడుకున్నప్పుడు ఎంత నిశ్శబ్దంగా అనిపించిందో వాళ్లు చెప్పినట్టు ఏ కౌన్సెలరూ చెప్పలేరు. హోం నిర్వహణ కమిటీ సమావేశాలకు వాళ్లలో ఒకరిద్దరిని పిలవాలి. పదహారేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ ఒక అక్కనో అన్ననో ముందే పరిచయం చేయాలి. దారి ఖర్చులు ఇవ్వాలి, సెలవు దొరికేలా వాళ్ల ఆఫీసుకు ఒక ఉత్తరం రాయాలి. కలెక్టరు సంతకం ఉన్న ఆ ఉత్తరం చూస్తే తాను హోంలో పెరిగిన సంగతి దాచుకోవాల్సిన అవసరం లేదని ఆ మనిషికి మొదటిసారి అనిపిస్తుంది.

దసరా సెలవుల్లో హోంలు సగం ఖాళీ అవుతాయి. అవ్వో చిన్నమ్మో ఉన్నవాళ్లు ఊళ్లకు పోతారు. పెద్ద బతుకమ్మ నాడు మిగిలిన ఆడపిల్లలు వరండాలోనే తంగేడు పూలు పేరుస్తుంటారు. నాలుగేళ్ల కింద ఇక్కడే పెరిగి ఇప్పుడు నల్లగొండలో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి చేతిలో స్వీట్ డబ్బాతో గేటు దగ్గరికి వస్తుంది. పుట్టింటికి వచ్చినట్టే వస్తుంది, ఆమెకు ఇంకో పుట్టిల్లు లేదు. భద్రత కోసం పెట్టిన నియమం ప్రకారం ఆమె బయటి మనిషి, అనుమతి లేనిదే లోపలికి పోకూడదు. వాచ్‌మన్ విజిటర్స్ రిజిస్టరు ముందుకు తోస్తాడు. పేరు రాస్తుంది, టైం రాస్తుంది. తర్వాతి గడిలో ‘బిడ్డకు ఏమవుతారు’ అని ఉంటుంది. కాసేపు పెన్ను పట్టుకుని నిలబడి, ‘అక్క’ అని రాస్తుంది. ఆ రాతను బంధుత్వంగా ఒప్పుకుని గేటు తీయమని సూపరింటెండెంటుకు ఒక సర్క్యులర్ ఇవ్వగలిగే అధికారం జిల్లా స్థాయిలోనే ఉంది. వచ్చే దసరాలోపు ఇవ్వొచ్చు.